కాల్ వినడానికి హోం కార్యదర్శి సంతకం కావాలి, ఫోన్ మొత్తం తీసుకోవడానికి ఏ కాగితమూ అక్కర్లేదా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల హోం శాఖలకు, డీజీపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని. సీజ్ చేసిన ఫోన్లు తిరిగి ఇప్పించండని పిటిషన్లు వేయడం ఈమధ్య నా పనిలో పెద్ద భాగమైపోయింది. దీని మీద మేం కొందరు న్యాయవాదులం కలిసి వినతిపత్రం ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత జవాబు లేదు. గుర్తు చేస్తూ రాసిన ఉత్తరానికీ జవాబు లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

సైబర్ మోసాల్లో పోయిన డబ్బును మధ్యలోనే ఆపించడంలో, తప్పిపోయిన పిల్లల్ని వెతికి తేవడంలో మీ సిబ్బంది పడే శ్రమ నాకు తెలుసు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేరుగా విషయానికి వస్తాను.

ఏదో ఒక కేసులో మనిషిని స్టేషన్‌కి పిలుస్తారు. పేరూ ఊరూ రాసుకోకముందే ఫోన్ అడుగుతారు. "ఇటివ్వు, లాక్ తియ్యి." ఇవ్వనంటే ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి భయపడి ఇచ్చేస్తాడు. ఎందుకు తీసుకున్నారో చెప్పే కాగితం చేతికి రాదు. ఎప్పుడిస్తారో చెప్పేవాళ్లు ఉండరు. నిందితుల సంగతి అలా ఉంచండి, సాక్షులకూ, ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్లకూ ఇదే అనుభవం. అన్ని స్టేషన్లూ ఇలాగే ఉన్నాయని అనను. పద్ధతిగా పంచనామా రాసి, కవర్లో పెట్టి సీల్ వేసి, రసీదు చేతికిచ్చే ఎస్సైలను నేను చూశాను. కానీ అదంతా ఆ అధికారి మంచితనాన్ని బట్టి ఉంది. అధికారి బదిలీ అయితే ఆ పద్ధతీ ఆయనతోనే వెళ్లిపోతోంది.

చట్టం ఎక్కడుంది, ఎక్కడ లేదు

ఒక మనిషి ఫోన్లో మాట్లాడే మాటలు వినాలంటే పోలీసులు ఏం చేయాలో ముందు చూద్దాం. 1996 డిసెంబరులో పీయూసీఎల్ (పౌరహక్కుల సంఘం) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి కట్టుబాట్లు పెట్టింది. తర్వాత అవి టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఏగా చేరాయి. 2024 డిసెంబరులో కొత్త టెలికాం చట్టం కింద వచ్చిన నిబంధనల్లోనూ అదే చట్రం కొనసాగింది. రాష్ట్రంలో ట్యాపింగ్‌కు ఆదేశం ఇవ్వాల్సింది హోం కార్యదర్శి. ముందుగా అనుమతి తీసుకునే వీలు లేనంత అత్యవసరమైతే ఐజీ స్థాయికి తగ్గని అధికారి ఇవ్వొచ్చు, దాన్ని మళ్లీ పైవాళ్లు ఖరారు చేయాలి. ఆదేశం 60 రోజులకు మించి చెల్లదు. పొడిగించుకుంటూ పోయినా మొత్తం 180 రోజులు దాటకూడదు. వీటన్నిటినీ చూడటానికి ఒక సమీక్షా కమిటీ ఉంటుంది.

ఇప్పుడు అదే మనిషి ఫోన్‌ని చేతిలోకి తీసుకోవడం సంగతి చూడండి. అందులో ఐదారేళ్ల మెసేజ్‌లుంటాయి. పిల్లల ఫొటోలు, డాక్టర్ రిపోర్టులు, బ్యాంకు ఖాతా, ఏ రోజు ఎక్కడికి వెళ్లాడో చెప్పే లొకేషన్, ఇంట్లో గొడవలు, పెళ్లి సంబంధాల ఫొటోలు, చివరికి తన లాయర్‌తో తాను చెప్పుకున్న మాటలు కూడా ఉంటాయి. కాల్స్ వింటే రెండు నెలల మాటలు తెలుస్తాయి. ఫోన్ తెరిస్తే మనిషి జీవితమంతా తెలుస్తుంది. చిన్నదానికి హోం కార్యదర్శి సంతకం, సమీక్షా కమిటీ కావాలి. పెద్దదానికి ఒక కానిస్టేబుల్ చేయి చాపితే చాలు. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతావన్నీ దీనికి వివరణలే.

ఇది ఏ చట్టం ప్రకారం జరుగుతోందని అడిగితే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 106వ సెక్షన్ చూపిస్తారు. పాత సీఆర్‌పీసీలో ఇది 102. దొంగసొత్తు అని గానీ, నేరంతో సంబంధం ఉందని గానీ అనుమానం ఉన్న ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం అది. సైకిలో, నగో, కత్తో దొరికితే పట్టుకోవడానికి పుట్టిన సెక్షన్. స్మార్ట్‌ఫోన్‌ని కూడా అందులోనే కలిపేస్తున్నారు. వస్తువును పట్టుకునే అధికారం ఉంటే లోపల ఉన్నదంతా చదివే అధికారం కూడా వచ్చేసినట్టేనా? ఈ ప్రశ్నకు సంహితలో సూటి జవాబు లేదు. 94వ సెక్షన్‌లో డిజిటల్ పరికరాలను హాజరుపరచమని అడగొచ్చన్న మాట కొత్తగా చేర్చారు గానీ, ఎంతవరకు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు అన్నవాటి మీద మౌనమే.

ఉన్న కట్టుబాట్లయినా పాటిస్తున్నారా అంటే, అదీ అంతంతమాత్రమే. వారంట్ లేకుండా సోదా చేస్తే కారణాలు ముందుగా రాసిపెట్టాలని, ఆ కాగితాల కాపీలు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి పంపాలని 185వ సెక్షన్ చెబుతోంది. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండూ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. స్టేషన్‌లో బల్ల మీద పెట్టించుకున్న ఫోన్‌కి మాత్రం ఇవేవీ వర్తించనట్టే నడుస్తోంది. "అతనే ఇచ్చాడు సార్, మేం సోదా చేయలేదు" అంటారు.

అతనే ఎలా ఇచ్చాడో మనందరికీ తెలుసు.

న్యాయస్థానాలు మాట్లాడకుండా ఏమీ లేవు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగినంత మేరకే ఉండాలి అంది. 2021 మార్చిలో కర్ణాటక హైకోర్టు వీరేంద్ర ఖన్నా కేసులో, అత్యవసరమైతే తప్ప ఫోన్ లోపల వెతకడానికి సెర్చ్ వారంట్ కావాలంది. పాస్‌వర్డ్ ఇవ్వడం తనపై తాను సాక్ష్యం చెప్పుకోవడం కిందికి రాదని కూడా అదే తీర్పు చెప్పింది, అది మాకు అనుకూలమైన మాట కాకపోయినా దాచను. ఢిల్లీలో ఒక ప్రత్యేక కోర్టు 2022లో దీనికి భిన్నంగా, పాస్‌వర్డ్ చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టలేరంది. జర్నలిస్టుల ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల స్వాధీనంపై వచ్చిన పిటిషన్లలో, దర్యాప్తు సంస్థలకు ఇంత విచ్చలవిడి అధికారం ప్రమాదకరమని, మార్గదర్శకాలు తేవాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అమెరికాలో అయితే అరెస్టయినవాడి ఫోన్ చూడాలన్నా వారంట్ కావాల్సిందేనని 2014లోనే వాళ్ల సుప్రీంకోర్టు రైలీ కేసులో తేల్చేసింది, తొమ్మిదిమంది న్యాయమూర్తులదీ ఒకే మాట.

మన రెండు హైకోర్టులూ సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో ఈమధ్య గట్టిగానే మాట్లాడాయి. పోస్టుల కేసుల్లో రిమాండ్ విధించే ముందు అనవసరంగా అరెస్టులు చేయొద్దన్న సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు పాటించారో లేదో చూడాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూలైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది. రాజకీయ విమర్శల మీద యాంత్రికంగా ఎఫ్ఐఆర్‌లు కట్టొద్దని తెలంగాణ హైకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వీటివల్ల కొంత మేలు జరిగింది, అరెస్టులు తగ్గుతున్నాయి. కానీ నోటీసిచ్చి మనిషిని ఇంటికి పంపేసి, ఫోన్‌ని మాత్రం లోపల పెట్టుకుంటున్నారు. విమర్శ రాసినవాడికి ఆ శిక్ష చాలు. అరెస్టు అయితే కోర్టు అడుగుతుంది, కారణం చెప్పాలి, బెయిల్ ఉంటుంది. ఫోన్‌కి బెయిల్ ఎవరు అడుగుతారు?

ఒక వాట్సాప్ గ్రూపు, రెండు నీలం టిక్కులు

చూసిందొకటి చెబుతాను. ఊళ్లో మురుగుకాలువ పనుల బిల్లుల గురించి గ్రూపులో ప్రశ్నించిన ఒకతన్ని స్టేషన్‌కి పిలిచి, ఫోన్ తీసుకుని, సాయంత్రానికి ఇంటికి పంపారు. మర్నాడు ఆయన భార్య నా దగ్గరికి వచ్చి తన ఫోన్ చూపించింది. ముందురోజు మధ్యాహ్నం ఆమె ఆయనకు పంపిన మెసేజ్‌లు వరుసగా ఉన్నాయి. "ఎక్కడున్నారు", "తిన్నారా", "బాబుకి జ్వరం తగ్గలేదు". భర్త ఇంటికి వచ్చేశాడు, ఫోన్ స్టేషన్‌లోనే ఉంది. రాత్రి పదకొండు దాటాక ఆ మెసేజ్‌ల పక్కన టిక్కులు నీలంగా మారాయి. పైన "ఆన్‌లైన్" అని కనిపిస్తోంది. ఎవరో చదువుతున్నారు. ఆవిడ ఆ తెరను చూస్తూ కూర్చుందట, మళ్లీ ఏ మెసేజ్ పెట్టడానికీ చేతులు రాలేదట. "మా అక్క తన కాపురం సంగతులన్నీ ఆయన ఫోన్‌కే పెడుతుందండీ, నా ఫోన్లో పెడితే అత్తగారు చూస్తారని" అంది.

ఆ అక్కకి ఈ కేసుతో ఏం సంబంధం? ఆమె జీవితం ఎవరో చదవడానికి ఏ కోర్టు అనుమతి ఇచ్చింది?

పైగా అలా తెరిచి చూడటం వల్ల మీ కేసే పాడైపోతుంది. ఆ విషయం తర్వాత చెబుతాను.

మామూలు జనం మీద పడుతున్న భారం

1. బతుకుతెరువు ఆగిపోతోంది. డెలివరీ పని చేసే కుర్రాడికి, క్యాబ్ నడిపే డ్రైవర్‌కి యాప్ లేకపోతే ఆ రోజు కూలీ లేదు. కూరగాయల బండి పెట్టుకున్న ఆమెకు వచ్చే డబ్బు క్యూఆర్ కోడ్ ద్వారా ఖాతాలో పడుతుంది, అది పడిందో లేదో చూసుకునే దారి ఫోన్ ఒక్కటే. కొత్త ఫోన్ కొనుక్కోవచ్చు కదా అని ఒక అధికారి నాతో అన్నారు. పోయిన ఫోన్‌కి ఇంకా ఈఎంఐ కడుతున్నవాడు కొత్తది ఎలా కొంటాడు? సిమ్ కూడా అందులోనే ఉండిపోతే డూప్లికేట్ సిమ్ కోసం తిరగాలి. ఆ నంబరుకే ఆధార్ ఓటీపీ వస్తుంది, బ్యాంకు ఓటీపీ వస్తుంది, పింఛనూ స్కాలర్‌షిప్పూ దాని మీదే ఆధారపడ్డాయి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే మన మిత్ర పేరుతో సర్టిఫికెట్లు, బిల్లులు, ఇంకా ఎన్నో సేవలు వాట్సాప్‌లోకి తెచ్చింది. ప్రభుత్వాన్ని కలవడానికి ఫోన్‌నే గుమ్మంగా పెట్టినవాళ్లు, ఆ ఫోన్ తీసేసుకుంటే మనిషికి ఏం మిగులుతుందో కూడా ఆలోచించాలి.

2. ఆడవాళ్లు ఫిర్యాదు ఇవ్వడానికే వెనకాడుతున్నారు. నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఇదే. వేధిస్తున్నాడని, అసభ్య మెసేజ్‌లు పెడుతున్నాడని ఒక అమ్మాయి స్క్రీన్‌షాట్లు పట్టుకుని ధైర్యం చేసి వస్తుంది. "సాక్ష్యం కదమ్మా, ఫోన్ ఇవ్వాలి, ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్)కి పంపాలి" అంటారు. ఆ ఫోన్లో తన ఫొటోలుంటాయి, స్నేహితులతో మాట్లాడుకున్నవి ఉంటాయి, ఇంట్లోవాళ్లకు చెప్పనివి ఉంటాయి. అవన్నీ ఎవరెవరు చూస్తారో ఆమెకు తెలియదు. ఫోన్ ఎప్పటికి తిరిగొస్తుందో అంతకన్నా తెలియదు. నా ఎదుటే ఒక తల్లి కూతురితో "వద్దులే, బ్లాక్ చేసి ఊరుకో" అని చెప్పి తీసుకెళ్లిపోయింది. అక్కడ వేధించినవాడు గెలిచాడు. షీ టీమ్స్ పెట్టినా, శక్తి యాప్ పెట్టినా, ఫిర్యాదు చేసినవాళ్ల ఫోన్‌కి రక్షణ లేనంతకాలం వాటి మీద నమ్మకం పూర్తిగా కుదరదు.

3. సాక్షులు కరువవుతున్నారు. యాక్సిడెంట్‌ని వీడియో తీసినవాడు, దాడిని కళ్లారా చూసి ఫోన్లో బంధించినవాడు ముందుకు రావాలంటే ఫోన్ పోతుందన్న భయం. చూసినవాళ్లు చూడనట్టు వెళ్లిపోతున్నారు. వీడియోని వాళ్లే డిలీట్ చేసేస్తున్నారు.

4. రోడ్డు మీద తనిఖీ. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో బండి మీద వెళ్తున్నవాళ్లను ఆపి వాట్సాప్ చాట్లు చూస్తున్న వీడియోలు దేశమంతా చూసింది. దానికి చట్టంలో ఎక్కడా ఆధారం లేదు. అప్పట్లో పెద్ద చర్చ జరిగింది. అయినా మళ్లీ జరగకూడదంటూ జనానికి కనిపించేలా స్పష్టమైన ఉత్తర్వు ఒకటి కావాలని ఈనాటికీ అడగాల్సి వస్తోంది.

5. రాసే చెయ్యి ఆగిపోతోంది. మంత్రి గారిని విమర్శిస్తే, రోడ్డు గుంతల ఫొటో పెడితే, పంచాయతీ లెక్కలు అడిగితే జైలుకి పోతామని జనం ఇప్పుడు అంతగా అనుకోవడం లేదు. ఫోన్ పోతుందని, ఇంటి సంగతులు బయటపడతాయని భయపడుతున్నారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ భయం ఒకటే, పోస్టులు పెట్టేవాళ్ల జెండాలే మారుతుంటాయి. ఇవాళ అధికార పక్షంలో ఉన్నవాళ్ల కార్యకర్తలే నిన్న ఈ బాధ పడ్డారు.

ఇక్కడ ఒక మాట. తెలంగాణలో 2024 మార్చిలో కేసు నమోదైన ఫోన్ ట్యాపింగ్ వ్యవహారం ఇంకా కోర్టులో తేలాలి, ఎవరు దోషులో నేను చెప్పను. కానీ తమ మాటలు ఎవరో విన్నారని నాయకులు, జడ్జీలు, వ్యాపారులు ఎంత కలత చెందారో రాష్ట్రమంతా చూసింది. ఆ కలత న్యాయమైనదే. కూలి పని చేసుకునేవాడి ఫోన్‌ని స్టేషన్‌లో తిరగేసినప్పుడు వాడికి కలిగేదీ అదే బాధ. వాడి బాధ మీద ప్రెస్‌మీట్లు జరగవు, అంతే తేడా.

మీ కేసులు నిలబడాలన్నా ఇదే దారి

"నేరస్తులంతా ఫోన్లలోనే ఉన్నారు, ఫోన్లు ముట్టుకోకుండా దర్యాప్తు ఎలా చేయమంటారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. లోన్ యాప్ వేధింపులు, డిజిటల్ అరెస్టు మోసాలు, పిల్లల మీద అఘాయిత్యాల వీడియోలు, వీటన్నిటికీ ఆధారం ఫోన్లోనే దొరుకుతుంది. ఫోన్ సీజ్ చేయొద్దని నేను అనడం లేదు. పద్ధతి ప్రకారం చేయమంటున్నాను.

సాంకేతికంగా చూసినా విషయం ఇదే. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు పెట్టాలంటే సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ నమూనాలోనే హ్యాష్ వాల్యూ రాయాల్సిన గడి ఉంది. ఫోన్లోని సమాచారం మొత్తాన్ని ఒక లెక్క ప్రకారం కుదించి తీసే అంకెలూ అక్షరాల వరుస అది. ఎస్‌హెచ్ఏ 256 పద్ధతిలో అది 64 అక్షరాలు ఉంటుంది. లోపల ఒక్క చుక్క మారినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. స్వాధీనం చేసుకున్నాక వీలైనంత త్వరగా నిపుణుడు కాపీ తీసి, ఆ వరుసను పంచనామాలో రాసి, నిందితుడికీ ఒక ప్రతి ఇస్తే, తర్వాత ఎవరూ దాన్ని మార్చారని అనలేరు.

అలా చేయకుండా ఫోన్‌ని నెట్‌కి కలిపే ఉంచి, ఛార్జింగ్ పెట్టి, రాత్రిపూట వాట్సాప్ తిరగేస్తే ఏమవుతుంది? కొత్త మెసేజ్‌లు వచ్చి పడతాయి, వాటంతటవే చెరిగిపోయేలా పెట్టినవి చెరిగిపోతాయి, చివరిగా ఏ యాప్ ఎప్పుడు తెరిచారో ఫోన్ రాసుకుంటుంది. ముద్దాయి కస్టడీలో ఉండగా తెరిచినట్టు ఆ ఫోనే సాక్ష్యం చెబుతుంది. నాలాంటి డిఫెన్సు లాయరు కోర్టులో అడిగే మొదటి ప్రశ్న అదే. నిజంగా నేరం చేసినవాడు కూడా దాని మీద బయటపడొచ్చు. భీమా కోరేగావ్ కేసులో ఒక నిందితుడి ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ ద్వారా ఫైళ్లు చొప్పించారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. దర్యాప్తు సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో కోర్టు తేల్చాలి. కానీ అలాంటి వివాదానికి మన రాష్ట్రాల్లో తావే లేకుండా చేసే శక్తి మీ చేతిలో ఉంది.

ఇందుకోసం పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలో ఉంది. సంహితకు విరుద్ధం కాకుండా, దాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే ఉత్తర్వు హోం శాఖ ఇవ్వొచ్చు, డీజీపీ సర్క్యులర్ ఇవ్వొచ్చు.

మా డిమాండ్లు

1. ఫోన్ స్వాధీనం చేసుకునే ముందు కారణం రాతపూర్వకంగా ఉండాలి. ఏ నేరం, ఈ ఫోన్లో ఏం దొరుకుతుందని అనుకుంటున్నారు, అది వేరే దారిలో ఎందుకు దొరకదు, ఈ మూడూ రాయాలి. ప్రతి అక్కడికక్కడే ఇవ్వాలి.

2. లోపలి సమాచారం చూడాలంటే మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. ఆ అనుమతిలో ఏ యాప్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది ఉండాలి. కిడ్నాప్, తప్పిపోయిన పిల్లలు, ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో ముందే చూడొచ్చు, కానీ 24 గంటల్లో మేజిస్ట్రేట్‌కి కారణాలు తెలపాలి. లాయర్‌తో జరిగిన సంభాషణలు ఎట్టి పరిస్థితుల్లోనూ చదవకూడదు.

3. రోడ్ల మీద, చెక్‌పోస్టుల దగ్గర ఫోన్లు తెరిపించి చూడటం పూర్తిగా నిషేధించాలి. ఇలా చేసిన సిబ్బందిపై శాఖాపరమైన చర్య ఉంటుందని ఉత్తర్వులోనే రాయాలి.

4. పిన్, ప్యాటర్న్ చెప్పమని, వేలు పెట్టమని, ముఖం చూపించమని బలవంతం చేయకూడదు. రాజ్యాంగం 20(3) అధికరణం ఏ నిందితుణ్నీ తనపై తాను సాక్ష్యం చెప్పుకోమని బలవంతపెట్టకూడదంటోంది. నార్కో పరీక్షలు బలవంతంగా చేయకూడదని 2010లో సెల్వీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా ఇష్టపడి ఇస్తే, లాయర్‌తో మాట్లాడుకునే అవకాశం ఇచ్చాక, ఆ ఇష్టాన్ని వీడియోలో రికార్డు చేయాలి. పిన్‌ని ఫోన్ వెనక చీటీ అంటించి రాసే అలవాటు వెంటనే మానాలి.

5. ఐఎంఈఐ నంబరు, సిమ్, ఫోన్ పరిస్థితి రాసిన రసీదు, 105వ సెక్షన్ కింద తీసిన వీడియో కాపీ, హ్యాష్ వాల్యూ, ఈ మూడూ ఫోన్ యజమానికి ఇవ్వాలి. ఫోన్‌ని నెట్‌వర్క్ అందని సంచిలో పెట్టి సీల్ చేయాలి. అలాంటి సంచులు ప్రతి స్టేషన్‌కీ సరఫరా చేయాలి.

6. ఫిర్యాదుదారులు, సాక్షుల ఫోన్లు ఉంచుకోకూడదు. అవసరమైన మెసేజ్‌లు, వీడియోలు వాళ్ల ఎదుటే కాపీ తీసుకుని ఫోన్ అదే రోజు ఇచ్చేయాలి. మహిళా ఫిర్యాదుదారుల ఫోన్‌ని మహిళా అధికారి మాత్రమే చూడాలి. దీనికి జిల్లాకో మొబైల్ ఫోరెన్సిక్ బృందం చాలదు, సబ్‌డివిజన్ స్థాయిలో ఉండాలి. ముందు దీనికే నిధులు ఇవ్వండి.

7. నిందితుల ఫోన్లయినా కాపీ తీసుకున్నాక 30 రోజుల్లో తిరిగి ఇవ్వడానికి మీరే కోర్టులో అభ్యంతరం లేదని చెప్పాలి. సీజ్ చేసిన వస్తువులు పదిహేను రోజులు, మహా అయితే నెలకు మించి స్టేషన్‌లో ఉండకూడదని సుప్రీంకోర్టు సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే చెప్పింది. కోర్టు ముందుకు వచ్చిన వస్తువుల వివరాలు 14 రోజుల్లో తయారుచేసి, ఆ తర్వాత 30 రోజుల్లో వాటి సంగతి తేల్చాలని ఇప్పుడు 497వ సెక్షన్ కూడా చెబుతోంది. మేం కొత్తగా అడుగుతున్నది ఏమీ లేదు.

8. కేసుకు సంబంధం లేని సమాచారం కాపీల నుంచి తొలగించాలి. సీజ్ చేసిన ఫోన్లోంచి ఒక్క ఫొటో, ఒక్క చాట్, ఒక్క ఆడియో బయటికి వచ్చినా, టీవీ చానళ్లకు చేరినా, ఆ ఫోన్ ఎవరి కస్టడీలో ఉందో ఆ అధికారిపై ఎఫ్ఐఆర్ కట్టాలి.

9. ప్రతి మూడు నెలలకూ జిల్లాలవారీగా ఎన్ని ఫోన్లు సీజ్ చేశారు, ఎన్నింటికి మేజిస్ట్రేట్ అనుమతి ఉంది, ఎన్ని తిరిగిచ్చారు, ఎన్ని ఎఫ్ఎస్ఎల్‌లో పడి ఉన్నాయి అన్న లెక్కలు వెబ్‌సైట్‌లో పెట్టాలి.

మేజిస్ట్రేట్లకు కూడా ఒక మనవి. 106వ సెక్షన్ కింద స్వాధీనం గురించి మీకు వెంటనే తెలియజేయాలి. ఆ నివేదిక రాలేదని గమనించినప్పుడు అడగండి. రిమాండ్ రిపోర్టులో "మొబైల్ ఫోన్ 1" అన్న ఒక్క మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి, తెరిచారా, ఎవరి అనుమతితో తెరిచారు అని అడిగితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఇది చదువుతున్న మామూలు జనానికి: మీ ఫోన్ తీసుకుంటే రసీదు అడగండి, ఇవ్వకపోతే తేదీ, సమయం, స్టేషన్, తీసుకున్నవాళ్ల హోదా రాసిపెట్టుకోండి. 497 గానీ 503 గానీ సెక్షన్ కింద ఫోన్ తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయొచ్చు. లాయర్‌ని పెట్టుకోలేని వాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాం. మొత్తం ఒకేసారి కుదరకపోతే 3, 6 డిమాండ్ల మీద ముందుగా సర్క్యులర్ ఇవ్వండి, వాటికి రూపాయి ఖర్చు లేని భాగమే ఎక్కువ. జవాబు రాకపోతే ఇవే కోరికలతో అమరావతిలోనూ, హైదరాబాద్‌లోనూ హైకోర్టుల్లో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేస్తాం. అందుకు కావలసిన కాగితాలు, ఫోన్లు పోగొట్టుకున్నవాళ్ల అఫిడవిట్లు సిద్ధం చేస్తున్నాం.

ఇట్లు,
జిల్లా కోర్టు న్యాయవాది ఒకరు, వినతిపత్రంపై సంతకం చేసిన తోటి న్యాయవాదుల తరఫున